పరుగెత్తలేనివాళ్ళకు మినహాయింపు

మా అక్కకు భూకంపం నుంచి మినహాయింపు ఇచ్చారు.

నవ్వకండి. మా భవనం సంఘానికి కార్యదర్శి అయిన పెద్దమనిషి మా గుమ్మంలో నిలబడి చెప్పిన మాటే అది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆయన్ని అందరం ఈలాయన అంటాం. అప్పుడప్పుడూ ఆ ఈల ఊది, భవనంలో వాళ్ళందరినీ మెట్ల మీదుగా వీధిలోకి పరుగెత్తిస్తాడు. భూమి కదిలినప్పుడు ఎలా తప్పించుకోవాలో అభ్యాసమట. ముందు దిగినవాళ్ళకు చప్పట్లు. ఆ చప్పట్లు ఎప్పుడూ ఆయన భార్యకే.

"మీ అక్కగారు దిగలేరు కదండీ, అందుకని ఆవిడకి మినహాయింపు. మీరొక్కరూ వస్తే చాలు," అన్నాడు.

"ఆ సంగతి భూకంపానికి కూడా చెప్పారా?" అన్నాను.

నూలు మిల్లులో పత్తి బేలు మీద పడినప్పటి నుంచి అక్కకు నడుము కింద చచ్చుబడిపోయింది. నేను బట్టలు కుడతాను. నాలుగో అంతస్తులో మాకున్నది ఒక్క గది. అందులో సగం అక్క మంచం, మిగతా సగం నా కత్తిరింపు బల్ల. మిల్లు మూసేసినప్పుడు తెచ్చుకున్న బల్ల అది. నలుగురు పట్టుకుంటే గానీ కదలదు.

ఆ ఏడు మా భవనానికి హెచ్చరిక యంత్రం వచ్చింది. ఇంటింటికీ గోడ మీద ఒక హారన్ బిగించారు. మా ఇల్లు దాటేసి పక్కింటికి వెళ్ళిపోయారు.

పట్టుకుని అడిగితే ఈలాయన గొంతు తగ్గించి, జాలిగా చెప్పాడు. "పరుగెత్తలేని మనిషికి ఆ మోత ఎందుకండీ? ఊరికే భయపెట్టడం తప్ప. ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉండనివ్వండి."

ప్రశాంతంగా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టవచ్చు. జాలిపడి చావమనేవాణ్ణి ఏం చెయ్యాలి?

అంతకంటే మండించింది అక్క.

"వాడు సరిగ్గానే అన్నాడే. అది మోగితే నువ్వు పోవాలి. నేనిక్కడ పడుకుని, మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు దూరమైపోతుంటే వినాలి. అంతేగా? నాకెందుకే ఆ గంట?"

"నేను పోతానని నీకెవరు చెప్పారు?"

"పోవాలి. పోతానని నా చేతిలో చెయ్యి వెయ్యి."

"వెయ్యను."

"మొండి ముండా!"

"నీ చెల్లెల్నేగా!"

ఆ పూట ఇద్దరం చెరో గోడ వైపు తిరిగి అన్నం తిన్నాం.

మర్నాడు హారన్లు పరీక్షించడానికి ఇంజనీరు వచ్చింది. నా కూతురంటే నమ్మే వయసు. నేను బట్టల మూటతో, కత్తెరతో వెళ్ళి మెట్లకు అడ్డంగా కూర్చున్నాను.

"మా ఇంట్లోకి తీగ లాగేదాకా ఈ మెట్టు మీంచి లేవను. దాటాలంటే నన్ను దాటుకుని వెళ్ళు."

ఈలాయన ఈల ఊదాడు. ఆ ఈలకు నేను లేస్తానా?

ఆ పిల్ల నవ్వి, నా పక్కనే కూర్చుంది. కుట్టే బట్టల మూటల్లో వచ్చిన పాత పత్రికలన్నీ చదివినదాన్ని కదా, పాములు ముందే పుట్టల్లోంచి బయటికి వస్తాయని, బావుల్లో నీళ్ళు మారతాయని నాకు తెలిసిందంతా అడిగాను. ఎప్పుడొస్తుందో ఈ పెట్టె ముందే చెబుతుందా అన్నాను.

"ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు పిన్నిగారూ. బయలుదేరింది అని మాత్రం చెప్పగలం. అదిగో, ఆ కొండల్లో యంత్రాలు పాతిపెట్టాం. అక్కడ భూమి విరిగితే ముందు చిన్న అదురు పరుగెత్తుకొస్తుంది. అది ఎవరినీ ఏమీ చెయ్యదు. కూలగొట్టేది దాని వెనకాల నిదానంగా వస్తుంది. చిన్నది తగలగానే యంత్రం మనకి కబురు పంపుతుంది. పెద్దది మన దాకా వచ్చేలోపు కొన్ని క్షణాలు దొరుకుతాయి. ఇక్కడే విరిగితే అవీ దొరకవు."

బయలుదేరాక చెప్పడం నాకు కొత్త కాదు. నా బతుకులో వెళ్ళిపోయినవాళ్ళందరూ బయలుదేరాకే చెప్పారు. మా ఆయన చెప్పులు తొడుక్కుంటూ చెప్పాడు. చిన్న చెల్లెలు బండి కిటికీలోంచి చెప్పింది.

"ఆ క్షణాల్లో నాలుగంతస్తులు దిగగలమా?" అని అడిగాను.

ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. "దిగడమేమిటి? మెట్ల మీదకి వెళ్ళనేకూడదు! గట్టి బల్ల కిందకి దూరి, దాని కాలు పట్టుకోవాలి. మీకెవరు చెప్పారు దిగమని?"

ఇద్దరం ఈలాయన వైపు చూశాం. ఆయన ఈల చొక్కాలోకి దోపుకున్నాడు. "ఏళ్ళ తరబడి చేయిస్తున్నానమ్మా, ఎవరికీ ఏం కాలేదు," అన్నాడు. భూకంపం రాకుండా అభ్యాసం చేస్తే ఎవరికి మాత్రం ఏమవుతుంది!

తీగ మా గదిలోకి వచ్చింది. మంచం తీసేసి, అక్క పరుపు బల్లకు ఆనించి నేల మీద వేశాను. అక్క శాపనార్థాలు పెట్టింది.

"బతికుండగానే పెట్టెలో పెడుతున్నావటే!"

"పెట్టె కాదు, బల్ల. కాళ్ళు పోయాయి గానీ చేతులున్నాయిగా? బేళ్ళు లాగిన చేతులు. దాని కాలు పట్టుకుని లోపలికి లాక్కో."

"నువ్వో?"

"ముందు నువ్వు లాక్కో."

తిట్టుకుంటూనే లాక్కుంది. మొదట్లో మోచేతులు దోక్కుపోయేవి. తర్వాత్తర్వాత నేను దారం కొరికేలోపు లోపలుండేది. అయినా ప్రతిసారీ బల్ల కిందనుంచి అదే మాట: "నువ్వు మాత్రం పో." ప్రతిసారీ నాదీ అదే జవాబు.

అది మోగిననాడు నేను గదిలో లేను.

పట్టపగలు. గుండీలు కొనడానికి వీధి చివరి కొట్టుకు వెళ్ళాను. ఒక్కసారిగా వీధి వీధంతా హారన్లు అరిచాయి. గుండీలు అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాను. మా గేటులోంచి జనం తోసుకుంటూ బయటికి వస్తున్నారు. ఈలాయన చేతులు చాపి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి ఎవరూ పోకూడదు!"

"మా అక్క ఉంది! తప్పుకో!"

"ఆవిడ లెక్కలో లేరండీ!" అన్నాడు.

అలవాటైన మాట. ఆలోచించకుండా వచ్చేసింది. నేను ఆయన ఈల తాడు పట్టుకుని గుంజాను. అంతలో భూమి మా ఇద్దరినీ ఒకేసారి కిందపడేసింది. నేల మీద బోర్లా పడి, పేగులు తెగేలా "అక్కా!" అని అరిచాను. భవనంలో ఏదో పెద్దది కూలిన చప్పుడు వినిపించింది.

కదలిక ఆగాక దుమ్ములో ఒకరి మొహం ఒకరు వెతుక్కున్నారు. మెట్ల పక్క గోడ మెట్ల మీదకే కూలింది. దిగుతున్న ఇద్దరికి తలలు పగిలాయి. ఈలాయన అందరి మొహాలూ చూస్తూ తిరిగాడు.

"మా ఆవిడేది? ఎప్పుడూ ముందు దిగేది తనే కదా, ఏది?"

కుట్టమని ఇచ్చిన కర్టెన్ల కోసం మా గదికి వస్తానని ఆవిడ పొద్దున్నే చెప్పింది. నాకు గుర్తొచ్చింది. ఆయనకు చెప్పలేదు. చెప్పే ఊపిరి లేదు. ఇటుకల మీదుగా పాక్కుంటూ ఎక్కాను. నా వెనకే ఆయన కూడా ఏడుస్తూ ఎక్కాడు.

గదిలో అల్మరా పడిపోయి ఉంది. పైకప్పు పెచ్చులన్నీ బల్ల మీద. బల్ల కింద అక్క. ఒక చేత్తో బల్ల కాలు, ఇంకో చేత్తో ఈలాయన భార్య జబ్బ. ఆ జబ్బ మీద అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి.

"వదలండి, నేను దిగుతానన్నా వదల్లేదు," అంటూ ఆవిడ వెక్కుతోంది. "చస్తావే, కూర్చో అని ఈడ్చేశారు."

ఈలాయన అక్క ముందు కూలబడి చేతులు జోడించాడు. "అమ్మా, మీ రుణం..."

"రుణం గిణం వద్దు," అన్నాను. నా కోపం రవ్వంత కూడా తగ్గలేదు. "లెక్కలో లేని మనిషి ఆవిడ. ఆవిడకెందుకు దండం? ముందు ఆ ఈల తీసి అవతల పారేసి, మీ ఆవిణ్ణి తీసుకెళ్ళండి."

ఆయన ఈల తీశాడు. పారేశాడో లేదో నేను చూడలేదు. అక్క నా మీద విరుచుకుపడుతోంది.

"గేటు దగ్గర నీ అరుపు ఇక్కడికి వినబడిందే! కూలిపోయే కొంపలోకి వస్తావా? బుద్ధుందా? పొమ్మంటే పోవు, బయటుంటే లోపలికొస్తావు!"

"వస్తాను మరి! ఏం చేస్తావు?"

అక్క కాసేపు రొప్పింది. తర్వాత అరిచేతితో బల్ల కింద పెచ్చులు ఒక పక్కకు ఊడ్చింది.

"ఏం చేస్తాను, నా కర్మ. నీ పరుపు కూడా ఇక్కడే తెచ్చి పడెయ్. ఇద్దరం పడతాం."