నిండని రీలు

గాలపు రీళ్ళు బాగుచేసే అల్లుడికి ఒక పాఠం కంఠతా వచ్చు. దుకాణానికి వచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి మరీ అప్పజెప్పేవాడు. దారం చుట్టే స్పూలును దాదాపు అంచుదాకా నింపాలి. తక్కువ చుడితే, విసిరినప్పుడు దారం ఆ అంచుకు రాసుకుంటూ బయటికొస్తుంది, దాని చివర కట్టిన సీసపు గుండు దూరం పోదు. స్పూలు ఎంత వెడల్పుదైనా, ఎంత నున్నటిదైనా అప్పుడు దండగే.

ఇంత తెలిసినవాడు సొంత మామగారి రీలుకు మాత్రం ముప్పాతికతో సరిపెట్టాడు. గాలం ఎవరు ఎక్కువ దూరం విసురుతారో చూసే పోటీకి ముందురోజు పొద్దున దారం మధ్యలో అయిపోయింది. అటక మీది కొత్త చుట్ట దించడానికి బద్ధకించాడు. ముసలాయన ఎంత విసురుతాడులే, ఈమాత్రం చాలు అనుకున్నాడు. పైకి అనలేదు కాబట్టి తప్పు కాదనుకున్నాడు కాబోలు మహానుభావుడు.

ఏటా వంద మీటర్లు దాటే మామగారి సీసపు గుండు ఈసారి డెబ్బై దగ్గరే చతికిలబడింది. మూడుసార్లూ అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు జాలిపడి చప్పట్లు కొడుతుంటే అల్లుడికి తల కొట్టేసినట్టయింది. అక్కడే చెప్పాల్సింది. నలుగురిలో పరువు పోతుందని నోరు కుట్టుకున్నాడు.

మర్నాడు మామగారు దుకాణానికి వచ్చి గాలం కర్రనూ రీలునూ బల్లమీద పెట్టారు. తన భుజం పనైపోయిందనీ, ఎవరైనా కుర్రాళ్ళకు ఇచ్చెయ్యమనీ చెప్పారు. ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలవని మనిషి. ఇప్పుడు కూడా దాస్తే ఆ నలభై ఏళ్ళ సరదా తన చేతులమీదుగానే ముగుస్తుందని అల్లుడికి తెలుసు. సిగ్గుతో చచ్చిపోతూ నోరు విప్పాడు.

"మీ భుజం కాదు మామయ్యా. దారం నేనే తక్కువ చుట్టాను."

"తెలుసు. స్పూలుకు బొటనవేలు ఆనించగానే తెలిసింది," అన్నారాయన నెమ్మదిగా.

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు మరిచిపోయే రకం కాదు కదా. ఇక ఈయనకి ఇంతే చాలని అనుకునుంటావు. పని తెలిసినవాడివి, నీ లెక్క తప్పదులే అనుకున్నాను."

అబద్ధమైనా సరే, అలా కాదని అల్లుడు ఒక్క మాట అనేస్తే పోయేది. మామగారు ఆ మాట కోసం కాసేపు నిలబడ్డారు. అది రాకపోయేసరికి, "సరేలే, పని చూసుకో" అని అతని వీపు తట్టి వెళ్ళిపోయారు. రీలు తీసుకెళ్ళలేదు.