పదకొండు సంతకాలు

మొయినాబాద్‌లో బస్సు దిగిన నిమిషంలోనే నేను డాక్టరునయ్యాను. ఆ మాట అన్నది నేను కాదు. బస్సు మీది నుంచి నా ట్రంకు దించిన మా ఊరి మాణిక్యం, "డాక్టర్ సాబ్, మీరు చెయ్యి వెట్టకున్రి, నేను మోస్త" అన్నాడు. నేను చెయ్యి తీసేశాను. అంతే.

అది 1939 అక్టోబరు చివరి వారం. ఐరోపాలో యుద్ధం మొదలై రెండు నెలలు కావస్తోంది. నేను ఎడిన్‌బరోలో ఐదేళ్లు వైద్యం చదివి వచ్చాను. మా అన్న యోసేపు మిషన్ బడిలో పంతులు, సంఘ పెద్ద. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచినవాడు. స్కాలర్‌షిప్ కోసం మిషన్ వాళ్ల చుట్టూ ఏడాది తిరిగినవాడు. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "యుద్ధం ముదరక ముందే చదువు ఒడ్డెక్కింది తమ్మీ. దేవుడు పెద్దోడు" అన్నాడు.

"యుద్ధమొచ్చింది, ఓడ దొరికింది, వచ్చిన" అన్నాను.

ఆ మూడు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. మంచంలో పడుకుని వాటిని మళ్లీ మళ్లీ పరీక్షించి చూసుకున్నాను, ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు వెతకడానికి అంత శ్రద్ధ ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

నిజం ఇది. నేను చివరి పరీక్షకు కూర్చోలేదు. కూర్చోనివ్వరు కూడా. అక్కడ ప్రతి విద్యార్థికి ఆకుపచ్చ అట్ట వేసిన ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఇరవై కాన్పులు దగ్గరుండి చూసుకోవాలి. ఒక్కోదానికి ఒక్కో గీత, గీత చివర అక్కడి పెద్ద డాక్టరు సంతకం. ఇరవై నిండితేనే పరీక్ష. నా పుస్తకంలో పదకొండు ఉన్నాయి.

పన్నెండోది ఒక ఆదివారం ఉదయం. పేదలుండే వీధిలో నాలుగో అంతస్తు. నేనూ, నా తోటి విద్యార్థి ఒకడూ మందుల సంచి పట్టుకుని చుట్లు తిరిగే రాతి మెట్లు ఎక్కాం. కింద చర్చి గంటలు మోగుతున్నాయి. గదిలో బొగ్గు పొయ్యి మండుతోంది, పరుపు మీద పాత వార్తాపత్రికలు పరిచి ఉన్నాయి. మంచం మీది మనిషి తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క క్షణం చూసి, గోడవైపు తిరిగింది.

నేను సంచి తోటివాడి చేతికిచ్చి మెట్లు దిగిపోయాను. గుడికి పోయేవాళ్లు నా పక్కనుంచి నడిచి వెళ్తుంటే రెండు గంటలు వీధిలో నిలబడ్డాను. ఆ తర్వాత ఏ పిలుపుకూ నేను వెళ్లలేదు. జలుబన్నాను, కాలు బెణికిందన్నాను. ప్రొఫెసరు పిలిచి, వచ్చే టర్ములో ఇంకో ఊరి ఆసుపత్రిలో మిగిలిన తొమ్మిదీ పూర్తిచెయ్యవచ్చు అన్నాడు. అలాగే అని తలూపాను. అంతలో యుద్ధం వచ్చింది.

ఓడలో ఇరవై ఆరు రోజులు ఆ గోడనే చూశాను. ఆ స్త్రీ నా రంగు చూసి తిరిగింది అని నాకు ఏ అనుమానమూ లేదు. ఆ అవమానాన్ని జాగ్రత్తగా పెట్టుకున్నాను, రోజుకోసారి తీసి చూసుకునేవాణ్ణి. అది నన్ను బాధించేది. అది లేకపోతే ఎంత దిక్కులేకుండా పోయేవాణ్ణో అప్పుడు నాకు తెలియదు.

చేవెళ్లలో మిషన్ దవాఖాన ఉంది. డాక్టరు యుద్ధ సేవకు వెళ్లాడు, నర్సు విమలమ్మ ఒక్కతే నడుపుతోంది. నేను ప్రతి మంగళవారం బస్సెక్కి వెళ్లి కూర్చునేవాణ్ణి. దగ్గులు, పుండ్లు, కండ్లకలకలు. మందు చీటీ రాసేవాణ్ణి. కింద పేరు రాసేవాణ్ణి కాదు. కాన్పు కేసు వస్తే విమలమ్మ నావైపు చూసేది, నేను కిటికీవైపు చూసేవాణ్ణి. అప్పుడామె తనే లోపలికి వెళ్లేది.

ఫిబ్రవరి మొదటి మంగళవారం ఆమె నా ముందు ఒక ఫారం పెట్టింది. "మిషన్ సెక్రటరీ దొర పంపిండు సార్. మిమ్ముల ఇక్కడ పర్మనెంటుగ పెడ్తరంట. పేరు, డిగ్రీ, రిజిస్టరు నంబరు రాసి ఇయ్యున్రి. వచ్చే మంగళారం టపాల పంపాలె."

"అట్లనే" అని మడిచి జేబులో పెట్టుకున్నాను.

వారం రోజులు అది జేబులోనే ఉంది. ఒక గీత మీద డిగ్రీ పేరు రాస్తే చాలు. యుద్ధం జరుగుతుండగా ఎడిన్‌బరోకి జాబు రాసి అడిగేవాళ్లెవరు? ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు భయం వెయ్యలేదు. భయం వెయ్యనందుకు కొంచెం ఆశ్చర్యం మాత్రం వేసింది.

ఆ శనివారం తెల్లారి వదినకు నొప్పులు మొదలయ్యాయి. వదిన పేరు మేరీ. పెళ్లైన పదకొండేళ్లకు మొదటి కాన్పు. చేవెళ్ల బస్సు అప్పటికే వెళ్లిపోయింది. అన్న నావైపు చూసి, "నువ్వున్నవ్ గద, ఫికర్ లేదు" అని నడిమింట్లో రెండు కుర్చీలు వేశాడు. ఇద్దరం కూర్చున్నాం. లోపలి గదిలో వదిన మూలుగు. నేను లేవలేదు. "ఇంకా టైమున్నది" అన్నాను. గంట తర్వాత మళ్లీ అదే అన్నాను. అన్న చివరికి మంత్రసాని సుక్కమ్మను పిలిపించాడు.

సుక్కమ్మ వచ్చి లోపలికి వెళ్లింది. మరో గంటకు గడపలోకి వచ్చి నిలబడింది.

"నొప్పులొస్తున్నయి గని బిడ్డ కిందికి జారుతలేదు. ఇంట్ల తాళాలు, ముళ్లు ఏమున్నా అన్ని ఇప్పున్రి, బిడ్డకు తొవ్వ ఇడుస్తది."

అన్న ముఖం ఎర్రబడింది. "అవ్వా, మేం గట్లాంటివి నమ్మం. నేను సంఘ పెద్దను."

"నమ్ముమన్ననా? తెరువుమన్న. చేతులకేమైతది పంతులూ?"

అన్న కాసేపు బైబిలు అట్టను సర్దాడు. తర్వాత లేచి అలమార తాళం తీశాడు. ధాన్యపు గది తాళం తీశాడు. బడి పెట్టె తాళం, మేకను కట్టిన పలుపు ముడి, గోడ మీది సంచుల మూతులు. చివరికి మా చర్చి గుడి తాళంచెవి కూడా తీసుకుని రోడ్డు దాటి వెళ్లి, తలుపులు బార్లా తెరిచి వచ్చాడు.

"గుడి గూడ తెరుస్తివా?" అంది సుక్కమ్మ.

"తెరిస్తే దేవునికేం కోపం? ఆయన ఇల్లే గద" అన్నాడు అన్న, ఆమెవైపు చూడకుండా. తర్వాత నా మంచం కింది ట్రంకువైపు చూశాడు. "అది గూడ తియ్ తమ్మీ."

"తాళంచెవి ఎక్కడ్నో పోయింది."

"పోతే పలగ్గొట్టు" అంది లోపలి నుంచి సుక్కమ్మ.

తాళంచెవి నా మొలతాడుకే ఉంది. తీసి తెరిచాను. అన్న మోకాళ్ల మీద కూర్చుని, ముళ్లు కదా అని, కాగితాల కట్టల దారాలు ఒక్కొక్కటే విప్పసాగాడు. ఆకుపచ్చ పుస్తకానికి కూడా తెల్లటి పట్టీ కట్టి ఉంది. దాన్ని విప్పాడు. అన్నకు ఇంగ్లీషు వచ్చు. మొదటి పేజీ చదివాడు, తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. వేలితో గీతలు లెక్కపెట్టాడు. తర్వాతివన్నీ ఖాళీ.

"ఇరవై గావాలె అని ఉన్నది."

"అవును."

"పదకొండే ఉన్నయి."

"అవునన్నా. పరీక్షకు కూసోలే."

లోపల వదిన పెద్దగా మూలిగింది. అన్న పుస్తకం మూయలేదు. అతని వేలు పదకొండో గీత మీదే ఉంది. నాకు ఇన్ని నెలలుగా ఈ క్షణం ఎలా ఉంటుందో తెలుసు. అతను అరుస్తాడు, లేదా ఏడుస్తాడు. రెంటికీ నా దగ్గర జవాబులున్నాయి. ఆ స్త్రీ, ఆ గోడ, నా రంగు. అన్నీ వరసగా సర్ది పెట్టుకున్నాను.

"అంటే నువ్వు డాక్టరువు గావు" అన్నాడు.

"కాదు."

"ఈ పదకొండుమంది బతికిన్రా?"

నేను సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఈ ప్రశ్నకు పనికొచ్చేది లేదు. "బతికిన్రు. పిల్లలు గూడ."

"అయితే లోపలికి వో" అన్నాడు.

నేను కడుక్కున్న చేతులతో గడప దగ్గర నిలబడ్డాను. కింద చాప మీద పడుకున్న వదిన నన్ను చూసింది. చూసి, గోడవైపు తిరిగింది.

నా కాళ్లు వెనక్కి పోవడానికి సిద్ధమయ్యాయి. మనసు కంటే కాళ్లే ముందు నిర్ణయిస్తాయని నాకు అక్కడ తెలిసింది. నన్ను ఎత్తుకుని తిప్పకపోయినా కొడుకులా చూసుకున్న మనిషి ఈమె. మా ఇద్దరి రంగూ ఒకటే. అయినా తిరిగింది. నాలుగో అంతస్తులో నాకు ఏ అనుమానమూ లేని విషయం ఇక్కడ ఒక్కసారిగా అనుమానమైంది. ఆవిడ నిజంగానే నా రంగు చూసి తిరిగి ఉండవచ్చు. అప్పుడే నొప్పి వచ్చి కూడా ఉండవచ్చు. నాకు తెలియదు. తెలుసుకునేంతసేపు నేను అక్కడ ఉండలేదు.

"వదినా, నన్ను పొమ్మంటవా?" అన్నాను.

ఆమె నొప్పి దాటేదాకా చాప అంచు పట్టుకుంది. తర్వాత గోడకే చెప్పింది. "ఉంటే ఉండు. జర నడుము వట్టు, ఇరిగిపోతున్నది."

పక్కన కూర్చుని నడుము నొక్కాను. నొప్పి తగ్గినప్పుడు, ఎడిన్‌బరోలో మొదటి రోజు నేర్పినట్టు, అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని కడుపు మీద వేశాను. బిడ్డ తల, వీపు ఉండాల్సినచోటే ఉన్నాయి. కానీ పొత్తికడుపు మీద ఇంకో గుండ్రని ఎత్తు తగిలింది. మెత్తగా, నిండుగా ఉంది. అది బిడ్డ కాదు, బిడ్డకు అడ్డం పడ్డ నిండు మూత్రాశయం.

"వదినా, పొద్దటి సంది దొడ్లెకు వోయినవా?"

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"అడుగుతుండు గద, చెప్పు బిడ్డా" అంది సుక్కమ్మ.

"ఎట్ల వోను అవ్వా? తెల్లారినప్పటి సంది అన్నదమ్ములిద్దరు నడిమింట్ల కుర్చీలేసుకొని కూసున్నరు. దొడ్లెకు తొవ్వ అదొక్కటే. మొగోళ్ల ముంగటి నుంచి ఎట్ల లేసి వోను?"

సుక్కమ్మ నన్ను చూసింది. తర్వాత నోట్లో పళ్లు లేవన్న సంగతి మరిచిపోయి నవ్వింది. "ఊరి తాళాలన్ని తీపిస్తి. తొవ్వల వడ్డ ఈ రెండు తాళాలు నా కండ్లకు ఆనకపాయె. లే కొడుకా, లే. మీ అన్నను గూడ తీస్కొని బయటికి వో."

ఇద్దరం రోడ్డు దాటి, తెరిచి ఉన్న గుడిలో బల్ల మీద కూర్చున్నాం. సంగతి చెప్పాను. అన్న తల పట్టుకున్నాడు. నవ్వుతున్నాడో లేదో కనిపించలేదు.

అరగంట కాకముందే సుక్కమ్మ కేక వేసింది. "డాక్టరు బిడ్డా, నువ్వొక్కనివే రా."

వెళ్లాను. ఆమె నడుముకున్న కొడవలి తీస్తే ఆపి, నీళ్లలో మరిగించిన కత్తెర అందించాను. "నూర్లమందిని దీంతోనే కోసిన" అని గొణిగింది. "ఈ ఒక్కసారికి" అన్నాను. బిడ్డ ఆమె చేతుల్లోకే జారింది. బొడ్డు కట్టింది నేను. ఆడపిల్ల. ఏడవడానికి కొంచెం ఆలోచించి, ఏడ్చింది.

మర్నాడు ఆరాధన అయ్యాక అన్న నా పక్కన కూర్చున్నాడు.

"మిగిలిన తొమ్మిది ఈడ గావా? మనూర్ల కాన్పులకేం తక్కువ."

"అక్కడోళ్ల సంతకం గావాలె."

"సుక్కమ్మ ఏలిముద్ర ఏస్తది."

"ఒప్పుకోరన్నా."

"సముద్రంల ఓడలు మునుగుతున్నయంట" అన్నాడు.

"అవును. మునుగుతున్నయి."

"ఎందుకాపినవో అడుగ" అన్నాడు. "మల్ల ఎప్పుడు మొదలుపెడ్తవో అది చెప్పు."

గోడ సంగతి అతనికి చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే అతను నా పక్షాన కోపం తెచ్చుకుంటాడు. ఆ కోపం నాకు మళ్లీ కొన్నేళ్లు సరిపోతుంది. అందుకని చెప్పలేదు.

మంగళవారం చేవెళ్లకు వెళ్లాను. విమలమ్మ కళ్ల ముందే ఫారం విప్పి, డిగ్రీ అన్నచోట 'విద్యార్థి' అని రాశాను. నంబరు దగ్గర గీత గీశాను. ఆమె చదివి, ఇంకు ఆరేదాకా ఊది, కవరులో పెట్టింది.

"మీకు కోపం రాలేదా?" అన్నాను.

"నాకు ఎరుకే సార్. చీటీ కింద పేరు రాయని డాక్టరును నేను యాడ చూడలె." కవరు అంటిస్తూ అంది, "నాకోసమని గాదు గని, చెప్తె మంచిదాయె. ఆ కాన్పులన్ని ఒక్కదాన్నే చేస్తి. మీరు కిటికిల ఏం చూసేటోళ్లో గాని."

"ఏం లేకుండె" అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆలూరు నుంచి అంతమ్మ అనే ఆమెను బండిలో తీసుకొచ్చారు. మూడో కాన్పు. విమలమ్మ తలుపు దగ్గర ఆగి నావైపు చూసింది. నేను లేచి వెళ్లి, గడప ఇవతల నిలబడ్డాను.

"అమ్మా, నేను డాక్టరు చదువుతున్న. ఇంక పాసు గాలే. లోపలికి రావచ్చునా?"

అంతమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "వద్దు" అంది. "నర్సమ్మ ఉన్నది, చాలు."

"మంచిదమ్మా" అన్నాను.

తలుపు మూసుకుంది. నేను తిరిగి వచ్చి విమలమ్మ బల్ల దగ్గర కూర్చున్నాను. లోపల ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని కాసేపు చూసుకున్నాను. కొంచెం గుచ్చుకుంది. పని చేసుకోలేనంత కాదు. కలం తీసి ప్రొఫెసరుకు ఉత్తరం మొదలుపెట్టాను. ఓడలో ఆయనకు చాలా ఉత్తరాలు మనసులో రాశాను, అన్నీ పేజీల కొద్దీ ఉండేవి. ఇది నాలుగు వాక్యాలే వచ్చింది. పిలుపులు వస్తే వెళ్లకపోవడం నా తప్పు. నాకు తొమ్మిది కాన్పులు మిగిలి ఉన్నాయి. ఏ ఊరి ఆసుపత్రికి పంపినా వెళ్తాను. ఏ నెలలో చేరాలో తెలియజేస్తే ఓడకు దరఖాస్తు పెట్టుకుంటాను.

చివర నా పేరు పూర్తిగా రాశాను, దయానందం అని. లోపలినుంచి విమలమ్మ వేడినీళ్లు అడిగింది. గిన్నె తీసుకుపోయి గడప దగ్గర పెట్టాను.