ఖాళీ చేశానని చెప్పని చోటు

బెగా ఏటి ఒడ్డున ఉన్న అంబులెన్సు ఆఫీసులో తెరలన్నీ బిగుసుకుపోయి తొమ్మిది నిమిషాలైంది. సాయం కోరిన నలభై ఒక్క మంది చిరునామాలు, ఫోన్ నంబర్లు సర్వర్లో నడిచే వర్చువల్ మెషీన్ మెమరీలో చిక్కుకున్నాయి. డిస్కు మెషీన్‌కి అందకుండా పోయింది. మెషీన్‌ను లోపల్నుంచి నడిపే కెర్నల్‌ను మళ్లీ లేపితే తప్ప దొరకదు. పూర్తిగా ఆర్పి లేపారా, మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది. ఆర్పకుండానే పాత కెర్నల్ స్థానంలో కొత్తదాన్ని కూర్చోబెట్టే స్క్రిప్టు ఒకటుంది. రాసింది ఆఫీసు ప్రోగ్రామర్ దేసంకానే. ఇప్పుడే దాన్ని పరీక్ష కోసం తీసిన నకలు మెషీన్ మీద నడిపి చూసింది. కొత్త కెర్నల్ లేచినట్టే లేచి, మెమరీని చెత్త చేసి కూలబడింది.

"ముప్పై ఏడో కాల్! ముసలాయనకి ఛాతీలో నొప్పి!" ఫోన్ల దగ్గర్నుంచి రూజా అరిచింది. "పేరు గుర్తుంది, ఇల్లు గుర్తులేదు! ఏదో ఒకటి చెయ్యవే తల్లీ!"

దేసంకా స్క్రిప్టును మళ్లీ మొదటి వరుస నుంచి చదవసాగింది.

ఆఫీసు వర్చువల్ మెషీన్లన్నిటినీ పైనుంచి నడిపే హైపర్‌వైజర్‌ను ఇరవై ఏళ్లుగా చూసుకుంటున్నవాడు వుకాషిన్. ఇంట్లో ఇలవేల్పు పండగ స్లావా, చుట్టాలంతా బల్ల దగ్గర కూర్చుని ఉండగా పరిగెత్తుకొచ్చాడు. స్క్రిప్టు చదివి కళ్లెర్రజేశాడు.

"హైపర్‌వైజర్‌కి చెప్పకుండా దూకేస్తున్నావేమే?"

"చెప్తే నాలుగు సెకన్లు దండగ బాబాయ్. ఆ చెప్పే వరుస స్క్రిప్టులోంచి తీసేసినందుకే కదా పోయినేడు అందరూ నన్ను మెచ్చుకున్నారు. నా లాప్‌టాప్‌లో వందసార్లు నడిచింది."

"నీ లాప్‌టాప్‌కి పైన యజమాని లేడు, ఇక్కడున్నాడు! టైము ఎక్కడ రాయాలో పాత కెర్నల్ వాడికి మెమరీలో ఒక చోటు చూపించింది. ఖాళీ చేశానని చెప్పకపోతే వాడక్కడే రాస్తూ ఉంటాడు. కొత్తది వచ్చి ఆ చోటే సామాను పెట్టుకుంటే దాని నెత్తిన రాసేస్తాడు."

"కాదు బాబాయ్, తప్పు డిస్కు డ్రైవర్‌ది!"

ఏం మొండితనమో, చెబితే వినదే! డ్రైవర్ మార్చింది, నకలు మెషీన్ మీద నడిపింది, కూలింది. మళ్లీ మార్చింది, మళ్లీ కూలింది. ఆరు నిమిషాలు అలాగే పోయాయి.

"నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి నా మాట విను," అన్నాడు వుకాషిన్. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి.

దేసంకా పళ్లు బిగించి ఆ వరుస చేర్చింది. నకలు మెషీన్ చక్కగా లేచింది. వెంటనే అసలు మెషీన్ మీద నడిపింది. తెర నల్లబడింది. చూస్తుండగానే ఒక్కొక్క పేరూ తిరిగొచ్చింది, నలభై ఒకటీ వచ్చాయి.

రూజా ముప్పై ఏడో ఇంటికి బండి పంపి, వస్తోందని చెబుదామని ఫోన్ చేసింది. విని, మెల్లగా పెట్టేసింది.

"బండి అక్కర్లేదట. ప్రాణం పోయి రెండు నిమిషాలైందట."

వుకాషిన్ దేసంకా భుజమ్మీద చెయ్యి వేశాడు.

"రిపోర్టులో కెర్నల్ మొరాయించిందని రాయమ్మా. అబద్ధం కాదుగా."

"ఆ ఆరు నిమిషాలూ మొరాయించింది నేను బాబాయ్," అని దేసంకా మొహం చేతుల్లో దాచుకుని బావురుమంది.