గాజు తలుపుకు అవతలి కుండీ

రెండు కుండీలలోని మొగ్గలూ ఒకే మాట చెబుతున్నాయి. చెప్పకూడదు. ప్రయోగశాలలో తెర ముందు కూర్చున్న పరిశోధకురాలు అంకెలను మళ్లీ కింది నుంచి పైకి చదివింది. ఎటు నుంచి చదివినా అవి మారలేదు.

శీతకాలం రాగానే తేయాకు మొక్క చిగురు వేయడం మానేస్తుంది. కొమ్మ కొసన మొగ్గ పొలుసుల ముసుగు తన్ని పడుకుంటుంది. చూసేవారికి అది వట్టి నిద్ర. లోపల మాత్రం ఒక జన్యువు కంటి మీద కునుకు లేకుండా కాపలా కాస్తూ, ఎదుగుదలకు చెందిన జన్యువుల నోరు మూయిస్తూ ఉంటుంది. ఆ కాపలాను సడలించేది చలేనని ఆమె వాదం. కాదు, పగటి నిడివి అని ఆమె గైడు అభిప్రాయం.

సంస్థలో శీతల గది పాడైపోవడంతో ఆమె రెండు కుండీలను ఇంటికి తెచ్చుకుంది. ఒకటి బాల్కనీలో, మరొకటి గాజు తలుపుకు ఇవతల హాలులో. వెలుగు ఒకటే, చలి వేరు. వారం వారం ఒక్కో మొక్క నుంచి ఒక మొగ్గ తుంచి, అక్కడికక్కడే ద్రవ నత్రజనిలో వేసి, ఏ జన్యువు ఎంత చురుకుగా ఉందో కొలుస్తోంది. బాల్కనీ మొగ్గలో కాపలా ఈపాటికి సడలాలి. సడలలేదు. ఈ చలికాలం దాటితే ఆమె వాదం కూడా చేజారిపోయినట్టే.

"బయట పెట్టావా, దుప్పటి కప్పి పడుకోబెట్టావా?" వెనక నుంచి తెరను చూసి గైడు అడిగాడు.

"బయటే సార్. వణుక్కుంటూ తుంచుతున్నాను."

"అయితే నేను గెలిచినట్టేగా?"

"కాస్త ఆగండి సార్."

"ఆగుతాలే. గెలిచేవాడికి తొందరేముంది?"

ఇంటికి నడుస్తూ ఆమె తనను తాను నిలదీసుకుంది. బాధ ఎందుకు? నిజం మరోలా ఉన్నందుకా, తన మాట నిజం కానందుకా? రెండోదేనని లోపలి నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు.

మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లినప్పుడు, పొయ్యి పక్కన నేల మీద గుండ్రటి తడి మచ్చ కనిపించింది. బాల్కనీలోకి వెళ్లి కుండీని చూసింది. సరిగ్గా అంతే చుట్టుకొలత. కుండీ అంచుకు ముదురు ఎరుపు ఉన్ని పోగు ఒకటి చిక్కుకుని ఉంది. ఆ రంగు శాలువా ఇంట్లో మేనత్త ఒక్కరికే ఉంది.

"అత్తా, వంటగదిలో ఆ మచ్చేంటి?"

"తుడవడం మర్చిపోయానే. వయసు మీద పడింది కదా."

"అత్తా..."

"అబ్బా, ఏంటే నీ ఆరా! రాత్రుళ్లు లోపల పెడుతున్నా. అంత చలిలో ఆ పసిదాన్ని బయట పారేసి నువ్వేమో హాయిగా పడుకుంటావు. నాకు నిద్రెలా పడుతుంది? నువ్వు లేచేలోపు మళ్లీ బయట పెట్టేస్తున్నాగా."

"శాలువా కూడా కప్పావా?"

"కప్పకుండా ఉంటానా?"

అత్త ఉద్యోగమంతా ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో గడిచింది. చిన్నదేది కనబడినా ఆమె చేతులు ముందుగా గుడ్డ కోసం వెతుకుతాయి. మేనకోడలికి కోపం రావలసింది. నవ్వు వచ్చింది. గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"ఏంటే ఆ నవ్వు? కొంప ముంచానా?"

"నిలబెట్టావు. చలి తగల్లేదు కాబట్టే అది లేవలేదత్తా. నా లెక్క ఇంకా బతికే ఉంది."

"వెచ్చగా ఉంటే లేవదా?"

"లేవదనే నేననేది."

"నీకూ చిన్నప్పట్నుంచీ కప్పుతూనే ఉన్నా. అందుకే కాబోలు, పొద్దెక్కినా నిన్ను లేపడం నా వల్ల కాదు."

చలికాలం ఇంకా సగం మిగిలే ఉంది. జరిగింది దాచకుండా గైడుకు చెప్పి, ఆమె లెక్క మొదటి నుంచి ప్రారంభించింది. కుండీని ముట్టనని అత్త మాట ఇచ్చింది. ఇచ్చిన సాయంత్రమే గాజు తలుపు దగ్గర తచ్చాడింది. చివరికి శాలువా తానే కప్పుకుని, కుర్చీ లాక్కెళ్లి, బాల్కనీలో కుండీ పక్కన కూర్చుంది.

"అత్తా!"

"దాన్ని లోపలికి తేనన్నాను. నేను బయటికి రానన్నానా?"

మేనకోడలు లోపలికి వెళ్లి మరో కుర్చీ తెచ్చుకుంది.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో బాల్కనీ మొగ్గలో కాపలా జన్యువు గొంతు తగ్గింది. హాలు మొగ్గలో అది ఇంకా గద్దిస్తూనే ఉంది. గైడు మళ్లీ కొలవమన్నాడు. కొలిచింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "చలేనమ్మా," అన్నాడు. తన మాట నెగ్గినందుకు సంతోషమా, నిజం తెలిసినందుకా అని ఈసారి ఆమె తనను తాను ప్రశ్నించుకోలేదు. రెండూ ఉన్నాయి. ఉండనిచ్చింది.

బాల్కనీ మొక్కకు ఒక్క మొగ్గ మిగిలింది. కొలవాలంటే తుంచాలి. తుంచితే అది విప్పుకోదు. ఇన్ని మొగ్గలను చదివిన ఆమె, ఒక్కటైనా విప్పుకోవడం చూడలేదు. ఆ ఒక్కదాన్నీ చదవకుండా వదిలేసింది.

ఒక ఉదయం అత్త వచ్చి ఆమె దుప్పటి లాగేసింది.

"లేవే, లే. నీకంటే ముందే లేచింది అది."