పక్క చక్రాల సైకిలు

మెమరీ కార్డును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దాని అంచున వరసగా ఉన్న బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దుతున్నాడాయన. రుద్దడం, వెలుగుకేసి ఎత్తి చూడటం, మళ్లీ రుద్దడం. ఊదితే దుమ్ము పోతుంది గానీ నెల రోజులుగా ఊదడం మానేశాడు. ఊపిరి అంత దూరం పోవడం లేదు. పెయింటు బ్రష్షుతో దులుపుతున్నాడు.

జిరాక్సు షాపులో వెనక గోడకు ఆనించిన చిన్న బల్లే ఆయన దుకాణం. షాపు బావమరిదిది. జిరాక్సు మిషను తిరుగుతున్నంత సేపూ బల్ల సన్నగా వణుకుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ వణుకు మీదే తీగలు అతికిస్తున్నాడు. వీధిలో ఆయన పేరు ఎవరికీ తెలియదు, డబ్బాలాయన అంటారు. జనం అటకెక్కించిన పాత కంప్యూటర్లు తెచ్చి పడేస్తే వాటిలో లినక్స్ అనే సిస్టం వేసి, నడిపించి పంపుతాడు. ఊరికే దొరుకుతుంది, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని చెప్తాడు. అంతకు మించి మాట్లాడడు.

ఆ రోజు బల్ల మీద రెండు పెన్‌డ్రైవులున్నాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెండింట్లోనూ లినక్సే, రకాలు వేరు. నల్లదాంట్లోది ఆయన పదిహేనేళ్లుగా వాడుతున్నది. ఏం కావాలన్నా ఖాళీ తెర మీద వరసలు వరసలుగా టైపు చేసి చెప్పాలి. చెప్పినట్టల్లా వింటుంది గానీ చెప్పడం రావాలి. తెల్లదాంట్లోదానికి అన్నీ బొమ్మలే, నొక్కితే చాలు. దాన్ని ఆయన, పిల్లలు నేర్చుకునే పక్క చక్రాల సైకిలు అనేవాడు. అడిగినవాళ్లకు వేసి ఇచ్చాడే తప్ప తన ఇంటి గడప తొక్కనివ్వలేదు.

"ఇంకా తేలలేదా బావా?" అన్నాడు బావమరిది, కాగితాల బొత్తి అంచులు తట్టి సరిచేస్తూ. "అక్క కంప్యూటర్‌కి ఏది వెయ్యాలో నీకే తెలీకపోతే ఇక మాలాంటివాళ్ల గతేంటి."

"చూస్తున్నా."

"పెళ్లిచూపులప్పుడు కూడా ఇంతసేపు చూడలేదు నువ్వు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు కాస్తా దగ్గయింది. బావమరిది ఖాళీ కాగితాలు పెట్టి మిషను తిప్పుతూనే ఉన్నాడు. ఆ చప్పుడులో దగ్గితే ఆయనకు సిగ్గుండదు.

ఆయన భార్య ఇంట్లో టైపు పని చేస్తుంది. ల్యాబు డాక్టరు చేత్తో రాసి పంపే పరీక్షల ఫలితాలను టైపు చేసి, ప్రింటు తీసి, ఆ రోజుకారోజు పంపాలి. ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఇద్దరూ ఇప్పుడు తింటున్నది దాని మీదే. ఆయన ఊపిరితిత్తుల్లోంచి తీసిన ముక్క తాలూకు రిపోర్టు కూడా ఆవిడే టైపు చేసింది. ఒక్క తప్పు లేకుండా చేసి, మిగతావాటితో కలిపి కవర్లో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఆ మొహం చూశాక ఆయనకు అర్థమైపోయింది. మర్నాడు డాక్టరు చెప్పినప్పుడు ఇద్దరూ కొత్తగా విన్నట్టే విన్నారు.

అంతకు రెండు నెలల ముందు, ఆవిడ కంప్యూటర్లో పాత సిస్టం పాడైతే, ఇంకో మాట లేకుండా తన నల్లదే వేశాడు. ఏదైనా ఆగితే పిలుస్తుంది, తను వెళ్లి రెండు వరసలు కొడతాడు. ఇంట్లో మెకానిక్ ఉండగా భయమేముంది అనుకున్నాడు.

పోయిన వారం ఆసుపత్రిలో ఆయనకు ఛాతీలో చేరిన నీరు తీస్తున్న రోజున ప్రింటర్ ఆగింది. ఆవిడ ఫోను చేసింది. ముక్కుకు గొట్టం ఉండగానే ఆయన ఒక్కో అక్షరం చెప్పాడు.

"చిన్న గీత. ఒకటే. స్పేసు ఇవ్వకు."

"ఇచ్చేశానండీ."

"చెరిపెయ్. మళ్లీ మొదట్నుంచి."

"ఎవరికయ్యా మంత్రం చెబుతున్నావు?" అన్నాడు పక్క మంచం ముసలాయన.

నలభై నిమిషాలకు ప్రింటర్ కదిలింది. ఆయన గర్వంగానే ఫోను పెట్టేశాడు. ఇంటికి వచ్చే బస్సులో, కిటికీ ఊచకు తల ఆనించుకున్నప్పుడు తట్టింది. ఈసారి ఆగితే ఎవరికి ఫోను చేస్తుంది?

ఆ రోజు మధ్యాహ్నం షాపులో నల్లదాన్ని సొరుగులో పడేసి, తెల్లదాన్ని జేబులో వేసుకుని ఇంటికి బయల్దేరాడు. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగాడు.

డబ్బా విప్పి దులిపి మూసి, ఫైళ్లు పక్కకు తీసి కొత్త సిస్టం ఎక్కించడానికి గంట పట్టింది. అప్పుడు ప్రింటర్ వైరు పీకి భార్య చేతికిచ్చాడు.

"నువ్వు కలుపు. నేను మాట్లాడను."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అవి ఊరికే ఉండవని ఆయనకు తెలుసు.

ఆవిడ వైరు గుచ్చింది. తెర మీద బాణాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఎక్కడండీ ఇది?"

ఆయన గోడకేసి చూస్తున్నాడు.

"మిమ్మల్నే. నోట్లో బెల్లం పెట్టుకున్నారా?"

ఏదో నొక్కింది. "పేకాట వచ్చింది," అంది. దాన్ని మూసింది. ఇంకోటి నొక్కితే గడియారం వచ్చింది. "చెప్పనివాళ్లు పక్కన కూర్చోవడం దేనికి? పోయి పడుకోండి." ఆయన వేళ్లు తొడల కింద కదిలాయి. ఇరవై నిమిషాలకు ఆవిడకు ప్రింటర్ బొమ్మ కనబడింది. కింద రాసింది పైకి చదువుకుంటూ ఒక్కో చోటే నొక్కుతూ పోయింది. ప్రింటర్ గొంతు సవరించుకుని కాగితం తోసింది.

ఆ కాగితాన్ని ఆవిడ తీసి చూడలేదు.

"పాతదే బాగుంది," అంది తెరకేసే చూస్తూ. "అది ఆగితే మీరొచ్చేవారు."

"ఇది ఆగదు."

"ఆగితే?"

"ఇప్పుడు చేశావుగా, అలాగే."

ఆయన వైరు మళ్లీ పీకాడు. ప్రింటర్ పేరు కూడా సిస్టంలోంచి తీసేశాడు. రెండోసారి ఆవిడకు పది నిమిషాలు పట్టింది. మూడోసారి నాలుగు. అప్పుడు చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, ల్యాబు కవరు విప్పి మొదటి కాగితం ముందు పెట్టుకుంది.

పదకొండో రోజు పొద్దున, ఆవిడ నాలుగో రిపోర్టు ప్రింటు తీస్తుండగా, పక్క గదిలో ఆయన ఊపిరి ఆగింది. కాగితం మొత్తం బయటికి వచ్చి ప్రింటర్ చప్పుడు ఆగాక, ఇంట్లో ఇంకే చప్పుడూ లేదని ఆవిడ గమనించింది.

కొన్నాళ్లు ల్యాబు కవరు రాలేదు. మళ్లీ రావడం మొదలైంది. ఒక రోజు, కొత్త మార్పులు వచ్చాయి, వెయ్యమంటారా అని తెర అడిగింది. ఆవిడ రెండుసార్లు చదివి, వెయ్యమని నొక్కింది. పావుగంటలో దానంతట అదే ముగించుకుంది.

ఎండలు ముదిరాక బావమరిది వచ్చాడు. దుమ్ము దులిపి పెడతానని కంప్యూటర్ డబ్బాను బల్ల మీద వెనక్కి తిప్పి, పక్క రేకు అంచున వేలు పెట్టాడు.

"బావ ఏ డబ్బాకైనా పక్క రేకుకు ఒక్క స్క్రూనే పెట్టేవాడక్కా. ఎలాగూ మళ్లీ నేనే విప్పాలి గదా అనేవాడు."

ఆవిడ వంగి చూసింది. ఆ రేకుకు మూడు కన్నాలు. మూడింటిలోనూ స్క్రూలు ఉన్నాయి, తలల మీద గాడి చెదిరేంత గట్టిగా బిగించినవి.