సర్దుకుంటాను సార్

ఆ కుట్టుషాపులో చొక్కాలకు కాలరు నిలబెట్టడం ఆమె ఒక్కదానికే చేతనవును. అందుకే అందరూ ఆమెను కాలర్లక్క అనేవారు. ఇంటద్దె మళ్ళీ పెరిగింది. ఊరి చివరికి మారదామంటే, అక్కడ మిగిలేది కాస్తా బస్సు మింగేస్తుంది. జీతం మాత్రం ఉన్నచోటు నుంచి కదలనని మొండికేసింది.

ఆ సంగతే చెబితే ఓనరు తలెత్తకుండానే, "అందరికీ అలాగే ఉందమ్మా. కాస్త సర్దుకో," అన్నాడు. ఆయన నోట్లో ఆ మాట ఎప్పుడో అరిగిపోయింది.

ఆమె సర్దుకుంటూనే వచ్చింది. ఇంట్లో పాలు పలచబడ్డాయి, కూర ఒక్క పూటకు దిగింది, కూతురి చెప్పులు కుట్ల మీదే నడుస్తున్నాయి. ఇక సర్దడానికి అక్కడేమీ మిగల్లేదు.

కాలర్లక్క తన మిషను దగ్గరకు వెళ్ళి, సొంత కత్తెరను గుడ్డలో చుట్టింది. మెడలోని టేపు తీసి సంచిలో వేసింది. రేపు బడికి పంపాల్సిన చొక్కాలు కాలర్లు లేకుండా గుట్టగా పడి ఉన్నాయి.

"ఎక్కడికి?" ఈసారి ఓనరు తలెత్తాడు.

"మీరేగా సర్దుకోమన్నారు సార్. సర్దుకుంటున్నాను."

పక్కన కాజాలు కుట్టే ఆవిడ మిషను ఆపేసింది.

"కాస్త ఆగక్కా. నేనూ సర్దుకుంటా."