కత్తి ఎవరికివ్వాలి

మబ్రూకా ముందు ఆ విమానాశ్రయాన్ని ఎవరూ బస్టాండు అనరు. కైరో నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు ఒకసారి అంటారు. ఆ తర్వాత అనరు.

నిజానికి అది బస్టాండు కన్నా గొప్పదేమీ కాదు. ఒక పక్క రాతి కొండలు, ఒక పక్క ఎర్ర సముద్రం, నడుమ అది. విమానం దిగినవాళ్లను కూతవేటు దూరానికి బస్సెక్కించి, వాళ్లు సర్దుకుని నిలబడేలోపే దింపేస్తారు. వీసా చీటీ అమ్మే కిటికీ ఒకటి, దాని మీద ముద్ర వేసే కిటికీ ఇంకొకటి. మొదటిదాని ముందు నిలబడాల్సినవాళ్లు రెండోదాని ముందు నిలబడి, తమ వంతు వచ్చాక వెనక్కి పోతారు. సామాను బండి తోసి చెయ్యి చాపేవాళ్లున్నారు, తోయకుండానే చాపేవాళ్లూ ఉన్నారు. చల్లగాలి యంత్రం ఒక మూల వణికిస్తుంది, మరో మూల ఉడికిస్తుంది. సామాను బెల్టు కదలనప్పుడు దాని మీద ఒక పిల్లి పడుకుంటుంది, బెల్టు కదిలినా లేవదు. ఇవన్నీ మబ్రూకాకు తెలుసు. వానొస్తే ఇల్లు ఎక్కడ కారుతుందో ఆ ఇంట్లో ఉండేవాళ్లకు తెలియదా? తెలుసు కాబట్టే ఇంకొకరు అంటే ఊరుకోదు.

ఆమె పని సోదా గుమ్మం దగ్గర. విమానం ఎక్కబోయే ఆడవాళ్లను తడిమి చూడాలి, ఎక్స్‌రే తెర మీద సంచుల లోపలి గుట్టు చూడాలి. ముక్కులు ఎండకు పొట్టురాలిన జర్మన్ దొరసానులు చేతులు చాపి నిలబడితే ముందు వాళ్ల భాషలోనే పలకరిస్తుంది, ముట్టుకోవడానికి ఒప్పుకోలు అడుగుతుంది, అప్పుడు ముట్టుకుంటుంది. అలా అడగమని ఆమెకెవరూ చెప్పలేదు. మేజోళ్లలో పగడపు ముక్కలు దాచుకున్నవాళ్లను ఇట్టే పట్టేస్తుంది. పట్టుకుని తిట్టదు. "ఇది మా సముద్రానిది, ఇక్కడే ఉండనివ్వండి" అని నవ్వుతూ తీసుకుంటుంది. ఆ కొండల్లో ఒంటెలు మేపుకునే అబాబ్దా తెగలో ఆ గుమ్మం దగ్గర యూనిఫారం వేసుకుని నిలబడ్డ మొదటి ఆడది ఆమె. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారుగా అవుతుంది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

దాచుకోవాల్సి వచ్చింది ఒక్కరి దగ్గరే. ఆమె తండ్రి షేక్ కరమల్లా.

కరమల్లా మాట మీద నిలబడే మనిషి. నిలబడటమంటే మామూలుగా కాదు. ఒకసారి పెళ్లికి పోతూ దారిలో ఎవరో అన్న మాటకు ఒంటెను తిప్పుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ పెళ్లి సొంత తమ్ముడిది. అలాంటి మనిషికి కూతురు ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు ఆయన అరవలేదు, కర్ర ఎత్తలేదు. ఒక్కటే అన్నాడు.

"గుడారానికొచ్చినోణ్ని మూడు రోజులదాకా ఊరేదని కూడా అడగం మనం. నువ్వు గుమ్మంలో నిలబెట్టి జేబులు తడుముతావా బిడ్డా?"

అంతే. ఆ రోజు నుంచి కూతురి చేతి కాఫీ తాగడం మానేశాడు. అబాబ్దాల ఇళ్లలో కాఫీ అంటే కాఫీ ఒక్కటే కాదు. నిప్పుల మీద గింజలు వేయించి, అల్లం వేసి దంచి, పొడుగు మెడ మట్టికుండలో మరిగించి పోసే జబనా అది. ఒక కప్పు పుచ్చుకున్నవాడు మూడూ తాగాలి. ఒక్కటీ పుచ్చుకోనివాడు ఆ ఇంటి మనిషి కాడని అర్థం. మబ్రూకా కాపురం ఊరి చివర, సముద్రం వైపు. పండక్కో పబ్బానికో తండ్రి వస్తాడు, చాప మీద కూర్చుంటాడు, మనవరాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. కప్పు ముందు పెడితే మెల్లగా బోర్లిస్తాడు. అది పగలదు, చప్పుడు చేయదు. ఆ చిన్న మట్టి కప్పు వీపు చూసినప్పుడల్లా మబ్రూకా కుండను నిప్పుల మీంచి దించేసేది. తండ్రి తిట్టినా బాగుండేదని మొగుడితో ఎన్నోసార్లు అంది.

అలా ఉండగా ఆ ఏడాది ఆ చిన్న విమానాశ్రయం నుంచి మదీనాకు విమానం వేశారు. మక్కా మదీనాలకు ఉమ్రా యాత్ర పోయేవాళ్లు ఇక ఓడరేవు దాకా ట్రక్కులో ఎగిరెగిరి పడుతూ పోనక్కర్లేదు. కరమల్లా ఆ యాత్ర కోసం జీవితమంతా ఎదురుచూశాడు. ఒక ఏడు కరువు, ఒక ఏడు భార్య జబ్బు, ఒక ఏడు ఇంకేదో. ఈసారి తెగ పెద్దలంతా కలిసి బయల్దేరదీశారు. కూతురు పనిచేసే పైకప్పు కింది నుంచే పోవాలని తెలిసి ఒక పూటంతా ఒంటెల దగ్గరే ఉండిపోయాడు. చివరికి, దేవుడి ఇంటికి దారి ఏదైతేనేం అన్నాడు.

మబ్రూకా తన తమ్ముడు ఈద్‌ను కూర్చోబెట్టి, నాన్నకు ఏమేం చెప్పాలో పాఠంలా నూరిపోసింది. చెప్పులు విప్పమంటారని, నడుం పట్టీ తీయమంటారని, నీళ్ల సీసా లోపలికి రానివ్వరని, బల్ల అనుకుని సామాను బెల్టు మీద కూర్చోవద్దని, అందరూ హాజీ హాజీ అని పిలిస్తే కోప్పడవద్దని. అన్నిటికన్నా ముఖ్యం కత్తి. అబాబ్దా మగవాడు మీసం మొలిచినప్పటి నుంచీ ఎడమ దండకు, మోచేతికి పైన, తోలుపట్టీతో కత్తి కట్టుకుంటాడు. నిద్రపోయేటప్పుడు తీస్తాడు. ఇంకొకరి గుడారంలోకి పోతే తీసి ఇంటివాళ్ల చేతికిస్తాడు, వాళ్లు దాన్ని నడిమి గుంజకు వేలాడదీస్తారు. అంతే తప్ప మూడో సందర్భం లేదు. ఆ కత్తి ఇంట్లో వదిలి రమ్మని చెప్పాలి.

ఈద్ అన్నీ చెప్పాడు. కత్తి మాట మాత్రం చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచాడట, తండ్రి తలెత్తి చూశాడట, నోరు మూసుకున్నాడట.

యాత్ర రోజు పొద్దున విమానాశ్రయం పెళ్లివారి విడిదిలా ఉంది. తెల్లని పొడుగు జల్లాబియా చొక్కాలు, తలపాగాలు, చేతికర్రలు, వీడ్కోలు చెప్పడానికి లారీల్లో దిగిన బంధుజనం. సామాను బెల్టు మీద పిల్లి కూడా లేచి కూర్చుంది. బయటి గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఈద్, అద్దంలోంచి అక్కకు ఏదో సైగ చేశాడు. చేత్తో ఎడమ దండ మీద కొట్టుకుని, తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ జోడించాడు. మబ్రూకాకు అర్థమయ్యేసరికి కరమల్లా వరుసలో అందరికన్నా ముందు, ఇనుము తగిలితే కూసే గుమ్మం ఎదుట నిలబడి ఉన్నాడు. ఆయన వెనక తెగ పెద్దలంతా ఉన్నారు. ప్రతి తెల్ల చొక్కా ఎడమ చేతి మీదా కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. కత్తి లేనివాడు ఆ వరుసలో ఒక్కడూ లేడు.

కరమల్లా చెప్పులు విప్పాడు. నడుం పట్టీ తీశాడు. కర్రను బెల్టు మీద పెట్టి, అది యంత్రం లోపలికి పోతుంటే చూశాడు. గుమ్మం దాటబోతే అది కూసింది. మగవాళ్లను చూసే కుర్ర పోలీసు వినయంగానే అడిగాడు, హాజీ, చెయ్యి మీద ఏముంది, తీసి ఇవ్వండి అని.

"ఇంకా పోలేదు, పోయొచ్చినాక హాజీ అను" అన్నాడు కరమల్లా. "చెయ్యి మీదుండేది నా కత్తి. పోలీసుకి ఇచ్చే అలవాటు మాకు లేదు."

పోలీసు, నిబంధన అన్నాడు. కరమల్లా వెనక్కి వచ్చి చెప్పుల కోసం చూశాడు. ఆయన చెప్పుల వైపు చూడటం అంటే ఏమిటో ఆ వరుసలో ప్రతివాడికీ తెలుసు. ఒంటె తిరిగిందంటే తిరిగినట్టే. ఆయన తిరిగితే వెనకున్న వాళ్లంతా తిరుగుతారు. విమానం ఖాళీగా పోతుంది.

భద్రతాధికారి వగ్దీ బే పరుగున వచ్చాడు. టాంటా ఊరి మనిషి, చెడ్డవాడు కాదు. పెద్దల్ని నొప్పించకుండా పని జరిగిపోవాలనుకునే రకం. మబ్రూకాను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. అధికారులు పోయే పక్క తలుపు తెరిపిస్తానని, షేక్ గారిని అటు తీసుకుపొమ్మని, విమానం దగ్గర ఎవరూ చూడకుండా కత్తిని సామాను సంచిలో వేయించేద్దామని. పెద్దమనిషికి ఆమాత్రం గౌరవం ఇవ్వకపోతే ఎలా అన్నాడు.

ఆ మాటతో మబ్రూకాకు ఒళ్లు మండింది. పక్క తలుపు తీస్తే విమానం నిండుతుంది, నాన్న యాత్రకు పోతాడు, గొడవ తీరిపోతుంది. కానీ గౌరవం ఉన్నవాళ్లను సోదా చేయరని, గౌరవం లేనివాళ్లకే ఈ గుమ్మమని నాన్న ఇన్నేళ్లూ నమ్మిందే నిజమవుతుంది. ఆ నిజాన్ని తన చేతులతోనే తలుపు తీసి ఒప్పుకున్నట్టవుతుంది. పక్క తలుపు వద్దు సార్, మా నాన్న దొంగదారిన పోయే మనిషి కాదు అని చెప్పి, తెర ముందు నుంచి లేచి తండ్రి దగ్గరికి నడిచింది. ఇప్పుడు ఆయన వెనక్కి తిరిగిపోతే, తండ్రిని మక్కాలో కాబా చూడనివ్వని కూతురన్న పేరు చచ్చేదాకా పోదు.

"నాన్నా" అంది. "పరాయి గుడారానికి పోతే కత్తి ఎవరికిస్తావు?"

"ఇంటోళ్లకి. నీకు తెలవదా?"

"తెలుసు. అందుకే వచ్చాను. ఇవ్వు."

కరమల్లా ఆమె యూనిఫారం చూశాడు, భుజం మీది పట్టీ చూశాడు, తలెత్తి పైకప్పు చూశాడు. చెప్పుల కోసం వంగబోయిన మనిషి ఆగాడు.

"ఇది ఎవరి ఇల్లు బిడ్డా?" అని అడిగాడు.

వగ్దీ బే ప్రభుత్వానిది అనబోయి, ఎందుకో ఊరుకున్నాడు.

"నాది" అంది మబ్రూకా. "ఈ నేల మీద నీ ఒంటెలు మేశాయి. కప్పు ఎవరో వేసుకున్నారు, వేసుకోనీ. గుమ్మంలో నిలబడేది నేను. లోపలికొచ్చినోళ్లంతా నా అతిథులు. వాళ్లని క్షేమంగా పంపే పూచీ నాది. అందుకే కత్తులు తీసుకుంటాను నాన్నా. అవమానించడానికి కాదు."

వరుసలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. కరమల్లా వగ్దీ బే వైపు తిరిగాడు.

"ఏం ఆఫీసరూ. నా కూతురు చెప్పేది నిజమేనా?"

వగ్దీ బేకు ఆ క్షణంలో ఏ దేవుడు బుద్ధి ఇచ్చాడో గానీ, జీవితంలో చెప్పిన మంచి మాటల్లో ఒకటి చెప్పాడు. "నిజమే షేక్ గారూ. పొద్దున నేనొచ్చినా నా సంచి కూడా ఈమె చూశాకే లోపలికి రానిస్తుంది. ఆఫీసర్నని చెప్పినా వినదు."

కరమల్లా మీసం కొంచెం కదిలింది. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వయసుతో సన్నబడ్డ దండ మీద నల్లటి తోలుపట్టీ. ముడి విప్పి, కత్తిని ఒరతో సహా కుడి అరచేతిలో అడ్డంగా పెట్టి, పిడి ఆమె వైపు ఉండేలా చాపాడు. అతిథి ఇంటివాళ్లకు కత్తి ఇచ్చే పద్ధతి అదే. మబ్రూకా రెండు చేతులతో అందుకుంది. తోలు ఇంకా తండ్రి ఒంటి వేడితో ఉంది. ఏడవకూడదనుకుంది గానీ కళ్లు వినలేదు.

కరమల్లా గుమ్మం దాటాడు. ఈసారి అది కూయలేదు. అవతల నిలబడి, వెనక్కి తిరిగి, తెగ పెద్దల వైపు చూశాడు.

"నిలబడి చూస్తారేంది? ఇంటోళ్లు అడుగుతున్నారు. ఇవ్వండి."

తెల్ల చొక్కాల చేతులు ఒకటొకటిగా పైకి మడతపడ్డాయి. అన్ని కత్తులూ ఒక సంచిలోకి చేరి బయట ఈద్ భుజానికెక్కాయి. చెప్పాల్సిన మాట చెప్పనివాడికి మోయాల్సిన బరువు దొరికింది. అక్క వాడికి ఒకటే చెప్పింది, తిన్నగా మా ఇంటికి తీసుకుపోయి నడిమి గుంజకు వరసగా వేలాడదీయమని.

యాత్ర ముగిసి విమానం దిగాక, పెద్దలెవరూ నేరుగా తమ ఇళ్లకు పోలేదు. పోలేరు కూడా. ఇంటివాళ్ల దగ్గర ఉంచిన కత్తిని వాళ్ల ఇంటికి పోయి, వాళ్ల కాఫీ తాగి తెచ్చుకోవాలి. సాయంత్రానికి సముద్రం వైపున్న ఆ చిన్న ఇంటి ముందు చాపలు చాలక దుప్పట్లు పరిచారు. వచ్చే నెల విమానంలో పోబోయేవాళ్లూ వచ్చి కూర్చున్నారు. మబ్రూకా గింజలు వేయించింది, దంచింది, కుండ నిప్పుల మీద పెట్టింది. పోసి ముందుగా తండ్రి ముందు పెట్టింది.

కరమల్లా కప్పు తీసుకుని తాగాడు. రెండోదీ తాగాడు. మూడోది తాగాక మబ్రూకా లేచి గుంజ మీది కత్తి తేబోయింది.

"కత్తి ఎక్కడికి పోతుంది? కూచో" అన్నాడు తండ్రి. ఖాళీ కప్పు మళ్లీ చాపాడు. "ఇంకోటి పొయ్యి."

ఆమె పోస్తుంటే, పోబోయేవాళ్లలో ఒకాయన అడిగాడు, అక్కడ ఎలా ఉంటుంది షేక్, భయపడాల్సిందేమైనా ఉందా అని. కరమల్లా గొంతు సవరించుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ విమానాల్లోనే తిరిగినట్టు చెప్పుకొచ్చాడు. చెప్పులు విప్పాలన్నాడు. నీళ్ల సీసా దండగన్నాడు. మదీనాలో విమానాశ్రయం పెద్దదేగానీ అక్కడ పలకరించే దిక్కు లేదన్నాడు. మనది చిన్నదే, కానీ దానికి ఇంటోళ్లున్నారు అన్నాడు.

"గుమ్మంలో మా అమ్మాయి ఉంటుంది" అన్నాడు. "ఆమె అడిగేదాకా ఆగకండి. మీ అంతట మీరే తీసివ్వండి."